లాంజ్ ఆతిథ్యానికి బిల్లు కట్టేదెవరు?

విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ ముగిసిన తరువాత, విమానం ఎక్కే గేటు తెరిచేవరకు ప్రయాణికులు కూర్చోవడానికీ, భోజనం చేయడానికీ, కాసేపు నడుం వాల్చడానికీ ఏర్పాటు చేసిన ప్రత్యేక విశ్రాంతి మందిరాన్ని లాంజ్ అంటారు. అర్హత ఉన్నవారిని మాత్రమే అనుమతించడం దాని ప్రధాన లక్షణం కాబట్టి, లోపలి సోఫాల కన్నా, వడ్డించే పదార్థాల కన్నా, ఆ అర్హతను ఎవరు నిర్ణయిస్తున్నారు, దానికి డబ్బు ఎవరు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్నలే ఈ విషయంలో ఎక్కువ ఆసక్తికరమైనవి.

ఈ ఏర్పాటుకు ఆద్యులుగా అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారిని చెబుతారు. 1939లో న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు ఆ సంస్థ అధిపతి సి.ఆర్. స్మిత్ అక్కడ అడ్మిరల్స్ క్లబ్ పేరిట ఒక మందిరాన్ని నెలకొల్పాడు. తొలిరోజుల్లో దానిలో సభ్యత్వం కొనుక్కుంటే దొరికేది కాదు. సంస్థ స్వయంగా ఆహ్వానించిన ప్రముఖులకే దక్కేది. ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో సంస్థే తేల్చుకోవడం వివక్ష అవుతుందన్న అభ్యంతరాలు వచ్చిన మీదట, అమెరికాలో ఇటువంటి క్లబ్బులు రుసుము చెల్లించేవారందరికీ తలుపులు తెరవవలసి వచ్చింది. ఆ తరువాత 1992లో మొదలైన ప్రయారిటీ పాస్, ఏ విమానంలో ఏ తరగతి టికెట్ కొన్నా సరే, ఒకే సభ్యత్వంతో అనేక దేశాల లాంజ్‌లలోకి వెళ్లే వీలు కల్పించింది. 1998లో హాంకాంగ్ కేంద్రంగా వచ్చిన ప్లాజా ప్రీమియం, ఏ విమానయాన సంస్థకూ చెందని స్వతంత్ర లాంజ్‌లను నడపడమే వ్యాపారంగా చేసుకుంది.

భారతదేశంలో లాంజ్ మధ్యతరగతికి చేరువ కావడానికి రెండు మార్పులు తోడ్పడ్డాయి. ఢిల్లీ, ముంబై విమానాశ్రయాల నిర్వహణ 2006లో ప్రైవేటు సంస్థలకు వెళ్లడం, 2008లో హైదరాబాదు బేగంపేట నుంచి శంషాబాదుకు మారడం, అదే ఏడాది బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరుచుకోవడం మొదటి మార్పు. ఈ కొత్త నిర్వాహకులకు విమానాల నుంచి వచ్చే రుసుములతో పాటు దుకాణాలు, ప్రకటనలు, పార్కింగ్, లాంజ్‌ల నుంచి వచ్చే రాబడి కూడా ముఖ్యమే. దీనినే విమానేతర ఆదాయం అంటారు. 2016 నాటి జాతీయ పౌర విమానయాన విధానం ప్రకారం, విమానాశ్రయ రుసుములను లెక్కగట్టేటప్పుడు ఈ ఆదాయంలో 30 శాతాన్ని భారం తగ్గించడానికి సర్దుబాటు చేయాలి. అంటే లాంజ్ గడప తొక్కని ప్రయాణికుడికి సైతం, లోపల ఎవరో తిన్న ఇడ్లీ వల్ల లెక్కల్లోనైనా కొంత మేలు కలుగుతున్నదన్న మాట.

రెండో మార్పు బ్యాంకు కార్డులు. ప్రయాణికుడు లాంజ్ కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్, క్రెడిట్ లేదా డెబిట్ కార్డు ఇస్తే, సిబ్బంది కార్డును యంత్రంలో పెట్టి చూస్తారు. సాధారణంగా 2 రూపాయలు తీసుకున్నట్టు ఫోనుకు సందేశం వస్తుంది. ఆ 2 రూపాయలు భోజనానికి వెల కాదు, కార్డు చెల్లుబాటులో ఉందా, ఉచిత ప్రవేశాల కోటా మిగిలి ఉందా అని తేల్చుకునే నామమాత్రపు వసూలు మాత్రమే. అసలు రుసుమును కార్డు ఇచ్చిన బ్యాంకో, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి చెల్లింపు వ్యవస్థో భరిస్తుంది. బ్యాంకుకూ లాంజ్‌కూ నడుమ ఒప్పందాలు కుదిర్చి, లెక్కలు చూసే మధ్యవర్తి సంస్థలు మరికొన్ని ఉంటాయి.

ఉచితమన్న మాట జనంలోకి పాకిన కొద్దీ ఈ ఏర్పాటు తన బరువు తానే మోయలేని స్థితికి వచ్చింది. దేశీయ విమాన ప్రయాణికుల సంఖ్య 2014లో దాదాపు 6.7 కోట్లుండగా 2023 నాటికి 15 కోట్లు దాటింది. అదే కాలంలో కార్డులూ విపరీతంగా పెరిగాయి, లాంజ్‌ల విస్తీర్ణం మాత్రం ఆ లెక్కన పెరగలేదు. తెల్లవారుజామున వరుసగా విమానాలు బయలుదేరే వేళ పెద్ద విమానాశ్రయాల్లో లాంజ్ ముందు క్యూ కట్టడం, లోపలికి వెళ్లాక పళ్లెం పట్టుకొని కుర్చీ కోసం వెతుక్కోవడం మామూలైపోయింది. నలుగురికీ దూరంగా కూర్చోవడానికి పుట్టిన గదిలో నలుగురితో పోటీపడి కూర్చోవలసి రావడం విడ్డూరమే. ఖర్చు తడిసి మోపెడు కావడంతో బ్యాంకులు 2023 చివరి నుంచి షరతులు బిగించాయి: కార్డును బట్టి మూడు నెలల్లో 35,000, 75,000 లేదా లక్ష రూపాయలు ఖర్చు పెట్టినవారికే ప్రవేశమన్నాయి. లక్ష ఖర్చు చేసి సంపాదించిన అల్పాహారాన్ని ఉచితమనడం మాటవరసకే చెల్లుతుంది. మధ్యవర్తుల పరిస్థితీ తారుమారైంది. ఈ రంగంలో అగ్రస్థానంలో ఉండిన డ్రీమ్‌ఫోక్స్ 2025 సెప్టెంబరులో దేశీయ లాంజ్ సేవల నుంచి తప్పుకుంది.

లాంజ్ నిజంగా అక్కరకు వచ్చేది గంట ప్రయాణానికి కాదు, దూరప్రయాణాల మధ్య నిరీక్షణకు. అమెరికాలోని పిల్లల దగ్గరకు దుబాయి, దోహా, అబుదాబి మీదుగా వెళ్లే తెలుగు తల్లిదండ్రులు మధ్యలో గంటల తరబడి ఆగవలసి వస్తుంది. అటువంటప్పుడు స్నానాల గది, వేడి భోజనం, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న చోటు వారికి విలాసం కాదు, అవసరం. అయితే శంషాబాదులో చెల్లిన కార్డే పరాయి దేశంలో చెల్లుతుందన్న భరోసా లేదు. దేశీయ ప్రవేశాలు, విదేశీ ప్రవేశాలు వేర్వేరు కోటాలు. విదేశాల్లో చాలాసార్లు ప్రయారిటీ పాస్ వంటి ప్రత్యేక సభ్యత్వ కార్డు చూపించాలి, కోటా దాటితే రుసుము డాలర్లలో పడుతుంది, వెంట వచ్చిన జీవిత భాగస్వామిని అతిథిగా లెక్కించి విడిగా వసూలు చేయవచ్చు. కాబట్టి బయలుదేరక ముందే బ్యాంకు యాప్‌లో ఈ వివరాలు చూసుకోవడం, పెద్దలకు ఆ కార్డును ఎక్కడ ఎలా చూపాలో పిల్లలు ఫోనులో చెప్పి ఉంచడం మంచిది.

లోపల ఉండే సమయానికీ సాధారణంగా రెండు, మూడు గంటల పరిమితి ఉంటుంది. దేశీయ లాంజ్‌లలో మద్యానికి చాలాచోట్ల విడిగా చెల్లించాలి. ఇంతకన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది, అనేక విమానాశ్రయాలు ఇప్పుడు మైకులో పిలుపులు ఆపేసి నిశ్శబ్ద పద్ధతికి మారాయన్నది. దేశీయ విమానాలకు గేటును సాధారణంగా బయలుదేరే వేళకు 25 నిమిషాల ముందే మూసివేస్తారు కనుక, లాంజ్ నుంచి గేటుకు నడిచే దూరాన్ని కూడా కలుపుకొని, రెండో కప్పు కాఫీ తెచ్చుకోబోయే ముందు తెర మీద విమానం వివరాలను ఒకసారి చూసుకోవాలి.