రాకపోకల యొత్తిడికి కూలు కంప్యూటరు

నేడు భూమి లెక్కలు మొదలగునవి కంప్యూటరులయందుండుట మీరెఱిగినదే. ఒక పెద్ద కంప్యూటరులో, ఒకే మిద్దెలో పలు కాపురములవలె, కల్పిత కంప్యూటరులు పెక్కులు పనిచేయును. ఒక కాపురము చెడిన నదొక్కటే చెడును. మిద్దెయే కూలినచో నందఱును వీధిని బడుదురు.

సమాచారము వెల్లువగా వచ్చినపు డట్లు కూలుట కలదు. 2012లో వెలువడిన వీఎమ్‌వేర్ వారి ఈఎస్‌ఎక్స్‌ఐ 5.1 ఇందుకు నిదర్శనము. అందు కల్పిత కంప్యూటరునకు ఈ1000 అను కల్పిత నెట్‌వర్కు కార్డు నమర్చినచో, వచ్చు సమాచారము నిలుచు తొట్టి నిండినపుడు, రెండవ తొట్టిలో లేనిదానిని ఉన్నట్లు తీయబోయి, పెద్ద కంప్యూటరే ఊదారంగు తెర చూపి నిలిచిపోయెడిది.

చెఱువుకట్ట తెగినపుడు, గండి యెచట మొదలైనదో చూడక మన్ను పోయుట వ్యర్థము. ఇచ్చటను అంతియే. తొందరపడి యంత్రమును మరల నడుపక, ముందుగా తెరమీది తుది మాటలను వ్రాసికొనవలెను. చెడిన భాగము పేరు సాధారణముగా అందే యుండును. ఈ1000నకు మాఱుగా వీఎమ్‌ఎక్స్‌నెట్3 కార్డు నమర్చుటయు, పిమ్మట వెలువడిన సవరణను చేర్చుటయు దీనికి చికిత్స. ఆపైని అంతటి వెల్లువనే మరల పంపి పరీక్షింపవలెను. ఎండకాలమున నిలిచిన కట్టను నమ్మి, వానకాలమున ఊరు నిద్రింపదు గదా!