తెల్లగా ఉన్న పిండినల్లి అంతా ఒకటి కాదు: డీఎన్ఏ పరీక్షతో మనకేం లాభం?



ఈసారి పిండినల్లి గురించి, దాని అసలు పేరు తేల్చే డీఎన్ఏ పరీక్ష గురించి మాట్లాడుకుందాం. ల్యాబులో జరిగే దాంతో మనకేం పని అనుకోవద్దు. పురుగు పేరు తప్పితే దాని విరుగుడూ తప్పుతుంది. ఏదో ఒక మందు కొట్టి ఆ ఆకు వేస్తే పట్టుపురుగులు చస్తాయి, పంట పోతుంది.

మల్బరీలో మనకు బాగా తెలిసింది గులాబీ పిండినల్లి. చిగురు ముడుచుకుని గుబురుగా అయ్యే టుక్రా దీని పనే. దీనికి అక్షింతల పురుగులు వదులుతాం. 2008లో కోయంబత్తూరులో ఇంకోటి కనబడింది, అదే బొప్పాయి పిండినల్లి. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా వైపు. ఇక్కడ బొప్పాయితో పాటు మల్బరీ, కర్రపెండలం మీదికీ పాకింది. తమిళనాడు, కర్ణాటకల్లో మల్బరీ తోటలు తెల్లబడ్డాయి. దాని ఒంటి మీద మైనం పొర ఉంటుంది కాబట్టి మందు సరిగ్గా దిగదు.

విరుగుడు దాని పుట్టింటి వైపు నుంచే వచ్చింది. 2010లో అమెరికా వ్యవసాయ శాఖ ద్వారా ప్యూర్టోరికో నుంచి మూడు రకాల బదనిక పురుగులను బెంగళూరుకు తెప్పించారు. వాటిలో ఎసిరోఫేగస్ పపాయే అనేది బాగా నిలదొక్కుకుంది. ఇది ఒక మిల్లీమీటరు కూడా లేని కందిరీగ జాతి పురుగు. పిండినల్లి పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. లోపల పుట్టిన పిల్ల దాన్ని తినేస్తుంది. పిండినల్లి ఉబ్బి గోధుమరంగు గుల్ల అవుతుంది, దానికి గుండ్రటి చిల్లి చేసుకుని కొత్త కందిరీగ బయటికొస్తుంది. కానీ ఇది బొప్పాయి పిండినల్లికి మాత్రమే. గులాబీ పిండినల్లి ఉన్న తోటలో వదిలితే లాభం లేదు.

అందుకే ముందు పేరు తేలాలి. పెద్ద ఆడపురుగు చెడకుండా దొరికితే నిపుణులు మైక్రోస్కోపులో చూసి చెప్తారు. గుడ్లు, పిల్లలు, నలిగిన పురుగులు అయితే కష్టం. అక్కడ డీఎన్ఏ పనికొస్తుంది. పురుగు నుంచి డీఎన్ఏ తీసి, కరోనా టైములో విన్నామే, ఆ పీసీఆర్ పద్ధతిలోనే ఒక చిన్న ముక్కకు లక్షల నకళ్లు తీస్తారు. సీక్వెన్సింగ్ యంత్రం ఆ ముక్కలో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో చదువుతుంది. సుమారు 650 అక్షరాలు చాలు. ఆ వరసను కంప్యూటరులో ఉన్న వరసలతో పోల్చి పేరు చెప్తారు. దీన్నే డీఎన్ఏ బార్‌కోడ్ అంటారు. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన పాల్ హెబర్ట్ బృందం ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది.

ఇంకో లాభం ఉంది. పైకి మామూలుగా కనబడే పిండినల్లి లోపల బదనిక పిల్ల దాగి ఉండొచ్చు. కందిరీగ బయటికొచ్చేదాకా ఆగకుండా, లోపలి డీఎన్ఏతోనే అది ఏ జాతో చెప్పొచ్చు. బదనికను తినే బదనికలు కూడా ఉంటాయి. గుల్ల నుంచి వచ్చిన ప్రతి కందిరీగా మన మిత్రుడు కాదు. ఆ తేడా కూడా ఇందులో తెలుస్తుంది.

అయితే పోల్చడానికి ఆ జాతి వరస ముందే ఎక్కి ఉండాలి, లేకపోతే పేరు రాదు. కాబట్టి మైక్రోస్కోపు చూసే నిపుణుల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

మనం చేయాల్సినవి:

• తెల్లగా కనబడగానే మందు కొట్టొద్దు. ఒక పురుగును నలిపి చూడండి. పసుపు రసం వస్తే బొప్పాయి పిండినల్లి అని అనుమానించాలి. ఇది గుర్తు మాత్రమే, తీర్పు కాదు.

• చిల్లులు పడ్డ గోధుమరంగు గుల్లలు ఎక్కువగా ఉంటే బదనిక పని మొదలైనట్టే. ఆ కొమ్మలు కాల్చొద్దు, మందు జోలికి పోవద్దు.

• నమూనా పంపాలంటే సెరికల్చర్ ఆఫీసులోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో ముందు అడగండి. డీఎన్ఏ పరీక్షకు గాఢమైన ఆల్కహాలులో వేయాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. సీసా మీద ఊరు, తేదీ, ఏ చెట్టు మీద దొరికిందో రాయండి.

• పురుగు ఉన్న కొమ్మను పక్క ఊళ్లకు తీసుకుపోవద్దు. అది పాకేది అలాగే.

తోటలో అనుమానం ఉంటే చిగురు ఫోటో దగ్గరగా తీసి గ్రూపులో పెట్టండి, అందరం కలిసి చూద్దాం.