తల్లి ప్రక్రియయు బిడ్డ ప్రక్రియయు

మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు కంప్యూటరునకు స్వయముగా ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుచుండుట సంతోషింపదగిన విషయము. అయితే వారిలో పలువు రొకచోట చిక్కుపడుదురు. ఒక ప్రోగ్రాము మఱొక ప్రోగ్రామును పనికి బెట్టుకొని, దానికి ప్రశ్న నంపి జవాబు పొందవలసి వచ్చినప్పుడు, ఒక్కొక్కసారి రెండును కదలక నిలిచిపోవును. తెరపై తప్పు చూపబడదు, యంత్రము చెడిపోలేదు, కాని పని సాగదు. ఇట్లేల జరుగునో, దీనికి నివారణ మేమో యిచట తెలుప నుద్దేశించితిమి. కంప్యూటరు నెఱుగని తల్లిదండ్రులకును బోధపడునట్లు వ్రాయ యత్నించెదము.

నడుచుచున్న ప్రోగ్రామునకు ప్రక్రియ యని పేరు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్సు పద్ధతిలో ఒక ప్రక్రియ మఱొకదానిని పుట్టింపగలదు. పుట్టించినది తల్లి, పుట్టినది బిడ్డ. బిడ్డకు పుట్టుకతోనే మూడు ద్వారము లుండును. మొదటిది వినుటకు, రెండవది పలుకుటకు, మూడవది తప్పులను చెప్పుటకు. సామాన్యముగా మొదటిది కీబోర్డునకును, తక్కిన రెండును తెరకును కలుపబడి యుండును.

ఒక ప్రోగ్రామును మఱొకదానికి తోటలోని నీటిగొట్టములవలె తగిలింపవలెనని డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే సూచించెను. 1973లో థాంప్సన్ దానిని యూనిక్సులో నెలకొల్పెను. దీనినే పైపు అందురు. పైపులో మాట ఒక దిక్కునకే పాఱును. కావున తల్లియు బిడ్డయు పరస్పరము మాటలాడుకొనుటకు రెండు పైపులు కావలెను: ఒకటి ప్రశ్నకు, ఒకటి ప్రత్యుత్తరమునకు.

ఇట్టి యేర్పాటును కొలది పంక్తులలో చేయనిచ్చునవి స్క్రిప్టు భాషలు. వానిలో పెర్లు అను దానిని 1987లో లారీ వాల్ ప్రకటించెను. ఈయనయు ఈయన భార్యయు లిపి లేని యొక భాషకు లిపి కల్పించి, అందు బైబిలును అనువదింప వలెనను తలంపుతో భాషాశాస్త్రము నభ్యసించిరి. అనారోగ్యముచే ఆ ప్రయత్నము నెఱవేఱలేదు. మిషను పాఠశాలవారమగు మన కీ సంగతి యాసక్తికరముగా నుండకపోదు. మన విద్యార్థులు నేర్చుచున్న పైథాను భాషలో ఈ పనికై సబ్‌ప్రాసెస్ అను భాగము 2004లో చేర్చబడినది.

ఒక యుదాహరణమును చూతము. పత్రికకు వచ్చిన ఆంగ్ల వ్యాసములలో స్పెల్లింగు తప్పులను పట్టవలెననుకొందము. ఆస్పెల్ అను ప్రోగ్రామును బిడ్డగా బెట్టుకొని, పంక్తి తరువాత పంక్తి దానికి పంపవచ్చును. అది ప్రారంభమున తన పేరును తెలుపు పంక్తి నొకదాని నిచ్చును. పిమ్మట ఒప్పైన మాటకు నక్షత్రపు గుర్తును, తప్పైన దానికి వేఱు గుర్తుతో సవరణలను చెప్పి, తుదకొక ఖాళీ పంక్తి నిచ్చును. ఆ ఖాళీ పంక్తియే జవాబు ముగిసినదనుటకు గుర్తు. తల్లి ఆ మొదటి పంక్తిని చదివి తొలగింపకున్న, దానినే తన ప్రశ్నకు జవాబుగా భావించును. జవాబులన్నియు ఒక స్థానము తప్పిపోవును. జవాబు ఎచట మొదలగునో ఎచట ముగియునో ఉభయులకును ముందే తెలిసియుండవలెను.

ఇక చిక్కుల సంగతి. మొదటిది మాట దారిలో ఆగుట. అనేక ప్రోగ్రాములు తెరకు వ్రాయునప్పుడు పంక్తి ముగియగానే పంపును. పైపునకు వ్రాయునప్పుడు మాత్రము సంచి నిండినగాని బయలుదేరని తపాలాబంట్రోతువలె చాలసేపు కూడబెట్టును. బిడ్డ జవాబు చెప్పితి ననుకొనును. తల్లికి అది చేరదు. కావున వ్రాసిన వెంటనే ఫ్లష్ అను ఆజ్ఞచే సంచిని ఖాళీ చేయింపవలెను. ఇది తల్లికిని బిడ్డకును సమానమే. బిడ్డ పైథాను ప్రోగ్రామైనచో దానిని యు అను గుర్తుతో నడిపినను చాలును.

రెండవది పైపు నిండుట. లినక్సులో సాధారణముగా ఒక పైపునందు 65,536 బైట్లు పట్టును. తెలుగు చిహ్న మొక్కొక్కటికి 3 బైట్లు కావలెను గనుక అది సుమారు 21,800 చిహ్నములతో నిండును. తల్లి జవాబులను చదువక ప్రశ్నలనే కురిపించుచున్న యెడల, బిడ్డ జవాబుల పైపు నిండును. అప్పుడు బిడ్డ వ్రాయలేక ఆగును, ఆగినది గనుక ప్రశ్నలను చదువదు, ప్రశ్నల పైపును నిండును, తల్లియు ఆగును. ఒకరికొఱ కొకరు ఎదురుచూచుచు ఇరువురును శాశ్వతముగా నిలిచిపోదురు. చిన్న వ్యాసముతో చక్కగా నడచిన ప్రోగ్రాము పెద్ద వ్యాసముతో నిలిచిపోవుటకు ఇదియే తఱచుగా కారణము. తప్పులను చెప్పు ద్వారమునకు వేఱు పైపు తగిలించి చదువక విడిచినను ఇదే గతి పట్టును. అన్ని ప్రశ్నలను ఒక్కమాఱే పంపదగిన పనియైనచో, పైథానులోని కమ్యూనికేట్ అను సాధనము వ్రాయుటను చదువుటను కలిపి జరిపి ఈ యాపద తప్పించును. మాటకు మాటగా సంభాషింపవలసిన చోట, ప్రశ్న యొకటి పంపి, జవాబు పూర్తిగా చదివి, తరువాతి ప్రశ్న పంపుట మేలు.

మూడవది ముగింపు తెలుపకుండుట. పేర్లను అకారాదిగా కూర్చు సార్టు అను ప్రోగ్రాము కడపటి పేరు వినినగాని మొదటి పేరు చెప్పజాలదు. ఏలయన, ఆ కడపటిదే మొదట రావలసినది కావచ్చును. అందుచే తల్లి పంపుట ముగియగానే పైపు తన కొనను మూయవలెను. ఆ కొనకు ప్రతి యొకటి ఎచటనైనను తెఱచియున్నచో, బిడ్డ యింకను పేర్లు వచ్చునని కనిపెట్టుకొనియే యుండును.

పని ముగిసిన పిమ్మట తల్లి బిడ్డ తుదిఫలమును అడిగి తెలిసికొనవలెను. అడుగకున్న, ఆ బిడ్డ పేరు పట్టికలో వ్యర్థముగా నిలిచియుండును. తల్లి ముందుగా ముగిసినచో 1వ సంఖ్యగల ప్రక్రియ సాధారణముగా ఆ యనాథను చేరదీసి యీ కార్యము నిర్వహించును.

విద్యార్థులారా! మీ ప్రోగ్రాము నిలిచిపోయినపుడు యంత్రమును నిందింపక మూడు ప్రశ్నలు వేసికొనుడు. పలికిన మాట నిజముగా పంపబడినదా? ఎదుటివాని మాటను చదువుచున్నామా? మాట ముగిసినదని తెలిపితిమా? మనుష్యుల సంభాషణలును తఱచుగా ఈ మూడింటిలో ఏదో యొకటి లోపించుటచేతనే చెడుచుండును.