గీత ఎవరు గీయాలి?

చిప్పు రూపకల్పనలో చివరి ఘట్టం లేఅవుట్. ఏ ట్రాన్సిస్టర్ ఎక్కడ ఉండాలో, ఏ తీగ ఏ దారిన పోవాలో చూపే పటం అది. దీన్ని మనిషి గీయాలా, ఈడీఏ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ గీయాలా అన్నదాన్ని చాలామంది అభిరుచికి సంబంధించిన ప్రశ్నగా చూస్తారు. నిజానికి ఇందులో అధికభాగం అంకగణితం.

1971లో ఇంటెల్ విడుదల చేసిన 4004 చిప్పులో ట్రాన్సిస్టర్లు సుమారు 2,300. ఫెడెరికో ఫాజిన్ నాయకత్వంలో దాని లేఅవుట్‌ను చేత్తోనే గీశారు. పారదర్శకమైన పలక మీది ఎర్రటి పొరను కత్తితో కోసి, అక్కర్లేని ముక్కలు ఒలిచేసి, ఆ పెద్ద పటాన్ని ఫొటోలతో కుదించారు. ఫాజిన్ తన పొడి అక్షరాలనూ ఒక అంచున చేర్చారు. సర్క్యూట్‌కు వాటితో పనేమీ లేదు.

2020 నాటి ఆపిల్ ఎం1లో ట్రాన్సిస్టర్లు 1,600 కోట్లు. నిద్రాహారాలు మాని సెకనుకొకటి గీసినా 507 ఏళ్లు పడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు పట్టాభిషిక్తుడైన 1509లో మొదలుపెట్టి ఉంటే 2016కు పూర్తయ్యేది. విడుదలకు ఇబ్బంది ఉండేది కాదు.

కాబట్టి సున్నాలూ ఒకట్లతో నడిచే డిజిటల్ భాగాల విషయంలో ఎంపిక అనేదే లేదు. సర్క్యూట్ ఏం చేయాలో ఇంజినీరు వెరిలాగ్ వంటి భాషలో రాస్తాడు. వేగం, వైశాల్యం, విద్యుత్ వాడకం ఎంతలో ఉండాలో అంకెల్లో చెబుతాడు. మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అయితే చెప్పినదాన్నే చూసుకుంటుంది. మన మనసులో ఉన్నదాన్ని గ్రహించే మర్యాద దానికి లేదు.

అనలాగ్ భాగాల్లో, అంటే ఎడతెగకుండా మారే సంకేతాలతో పనిచేసేచోట, చిక్కంతా ఈ మనసులోని మాటతోనే. ఆంప్లిఫయర్ ముఖద్వారంలో రెండు ట్రాన్సిస్టర్లు అచ్చంగా ఒకేలా ఉండాలి. కానీ సిలికాన్ గుణాలు ఒక అంచు నుంచి మరో అంచుకు కొద్దికొద్దిగా మారుతుంటాయి. పక్కపక్కన పెట్టినా తేడా వస్తుంది. అందుకని ఒక్కోదాన్ని రెండు సగాలు చేసి ఏ, బీ, బీ, ఏ వరుసలో పేరుస్తారు. ఏ సగాలు 1, 4 స్థానాల్లో, బీ సగాలు 2, 3 స్థానాల్లో ఉంటాయి. రెండింటి మొత్తమూ అయిదే. మార్పు సమానంగా సాగుతున్నంతవరకు దాని ప్రభావం రెంటి మీదా ఒకటే.

ఈ వరుసను సాఫ్ట్‌వేర్‌కు నేర్పవచ్చు. కానీ పక్కనే వేడెక్కే భాగం, పైనుంచి పోయే గడియారపు తీగ, రేపు మార్పు వస్తే వదలాల్సిన జాగా, వీటన్నిటినీ నియమాలుగా రాసేలోపు అనుభవజ్ఞుడు గీయడం ముగించి టీ తాగుతుంటాడు. నా దృష్టిలో కొలబద్ద ఇదే: నియమం రాసే శ్రమ గీసే శ్రమకంటే తక్కువా, ఎక్కువా? ఆ నియమం మళ్లీ ఎన్నిసార్లు పనికొస్తుంది?

ఎవరు గీసినా తనిఖీ మాత్రం సాఫ్ట్‌వేర్‌దే. తీగల మధ్య ఎడం చాలినంత ఉందా, పటం సర్క్యూట్‌తో సరిపోతోందా అని అది చూస్తుంది. నియమం దాటక తప్పదనుకుంటే, కారణాలు చూపి చిప్పు తయారుచేసే సంస్థను మినహాయింపు కోరవచ్చు. ఇరవై ఏళ్లుగా ఇలాగే గీస్తున్నామన్నది ఆ కారణాల కిందికి రాదు.