పాతబస్తీలో అమ్రూ జోలె

మదీనా చౌరస్తాలో దిగి చార్మినార్ వైపు నడిచేవాళ్ళ చూపు ముత్యాల మీద, అత్తరు సీసాల మీద, పెళ్ళి బట్టల మీద ఉంటుంది. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద అంగళ్ళు తెరిచి కూర్చున్నది అందుకే కదా. అయితే ఈ వీధుల్లోకి ఒకప్పుడు ఇంకో సరుకు కూడా వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇరాన్ నుంచి వచ్చిన ఒక కథకుడు దాన్ని మూటగట్టి తెచ్చాడు. తూకం లేదు, ధర లేదు. ఇక్కడి పెద్దల నాలుక మీద మాత్రం ఇప్పటికీ ఉంది. అదే అమీర్ హమ్జా దాస్తాన్. వీరులు, పరీలు, రాక్షసులు, మాంత్రికులు, మాయానగరాలు, వీళ్ళందరి మధ్య కడుపుబ్బ నవ్విస్తూ తిరిగే ఒక టక్కరి.

ఆ కథకుడి పేరు హాజీ ఖిస్సా ఖాన్ హమదానీ. 'ఖిస్సా ఖాన్' అంటే కథలు చెప్పడమే వృత్తిగా బతికేవాడు. తాను 1612లో హైదరాబాద్ చేరానని ఆయనే రాసుకున్నాడు. వచ్చేటప్పుడు హమ్జా కథల చేతిరాత ప్రతులు కొన్ని వెంట తెచ్చుకున్నాడు. వాటిని కుతుబ్ షాహీ కొలువులో సమర్పిస్తే, ఇంత పెద్ద కథను కుదించి రాయమని ఆజ్ఞ అయింది. అలా పార్సీలో పుట్టిన పుస్తకం 'జుబ్దతుర్ రుమూజ్'. 1612 అంటే ఈ ఊరి వయసు ఎంతని? చార్మినార్ కట్టి ఇరవై ఒక్క ఏళ్ళు. దారుల్‌షిఫా ఆసుపత్రికి పదిహేడు. బాద్షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద రంగుల పలకలు ఇంకా కొత్త మెరుపుతో ఉన్నాయి. మక్కా మసీదుకు పునాది కూడా పడలేదు. సున్నం వాసన పోని నగరంలో ఒక పరదేశి కూర్చుని, ఎక్కడా అయిపోని కథను ఒక పుస్తకంలో పట్టించాలని చూస్తున్నాడు. హైదరాబాద్ చరిత్ర అనగానే తోపులూ వజ్రాలూ చెబుతారు. నాకు మాత్రం ఈ పని వాటికి ఏమాత్రం తీసిపోదనిపిస్తుంది.

కథలో హమ్జా అరబ్బు వీరుడు. ఇరాన్ చక్రవర్తి నౌషేర్వాన్ కూతురు మెహర్ నిగార్‌ని వలచాడు. పెళ్ళి జరగాలంటే గెలవాల్సిన యుద్ధాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పరీల రాజ్యమైన కాఫ్ పర్వతానికి పద్దెనిమిది రోజుల పని మీద వెళ్ళి, పద్దెనిమిది ఏళ్ళు ఇరుక్కుపోతాడు. శ్రోతలు ఎంతసేపు కూర్చుంటే కథ అంతసేపు సాగేది. అక్బర్ చక్రవర్తికి ఈ కథలంటే ఎంత మోజంటే, గుడ్డ మీద పద్నాలుగు వందల బొమ్మలు వేయించాడు. ఒక్కొక్కటి రెండడుగులకు పైబడిన ఎత్తు. చిత్రకారులకు పదిహేనేళ్ళు పట్టిన ఆ పనిలో ఇప్పుడు మిగిలినవి రెండు వందలకు లోపే, అవీ వియన్నా, లండన్ మొదలైన చోట్ల చెదిరిపోయాయి.

కథ పేరు హమ్జాది, అభిమానం మాత్రం అమ్రూ అయ్యార్‌ది. ఒంటెలు తోలేవాడి కొడుకు. హమ్జా పుట్టిన రోజే పుట్టాడు. నౌషేర్వాన్ మంత్రి బుజుర్గ్‌మెహర్ బిడ్డను చేతుల్లోకి తీసుకుని జాతకం చూస్తుంటే, అంత పసివాడూ ఆయన వేలి ఉంగరం లాగి నోట్లో దాచుకున్నాడట. దాది పాలు పంచాల్సి వస్తే పక్కవాళ్ళ వాటా కూడా తానే తాగేసేవాడు. పెద్దయ్యాక హమ్జాకు ప్రాణమిత్రుడు, వేగులవాడు, వేషగాడు. ముసలమ్మగా, పాటగత్తెగా, శత్రువు సొంత తమ్ముడిగా క్షణంలో మారిపోతాడు. మత్తుమందు కలిపిన మిఠాయి ఒక్కటి చాలు, మహామాంత్రికుడు కూడా కాళ్ళు బారజాపి పడిపోవాల్సిందే.

ఆయన దగ్గర ఒక జోలె ఉంటుంది, దాని పేరు జంబీల్. చూడ్డానికి మామూలు సంచి. ఏం వేసినా పడుతుంది, ఎంత వేసినా నిండదు. ఓడిపోయిన శత్రువు గుడారం, అందులో పరిచిన తివాచీ, దీపపు కుందులు, చివరికి మేకులతో సహా లోపలికి పోతాయి. మనుషులూ పోతారు. లోపల నగరాలే ఉన్నాయి, పడినవాళ్ళు అక్కడ బతుకుతూ ఉంటారు. భుజాన ఇంత సంపద మోస్తూ కూడా అమ్రూ ఎప్పుడు చూసినా పేదరికం ఏకరువు పెడతాడు. ఎవరికైనా ప్రాణం పోసినా సరే, ముందు కూలి సంగతి తేల్చమంటాడు. ఈ పిసినారితనమే పాఠకులకు ముద్దు.

ఈ కథ పార్సీ నుంచి ఉర్దూకు వచ్చి, ఉర్దూలో ఊహించలేనంతగా పెరిగింది. లక్నోలో మున్షీ నవల్ కిషోర్ 1858లో పెట్టిన ముద్రణాలయం దీన్ని పుస్తకాలుగా వేయడం మొదలుపెట్టింది. 1883లో ఈ దాస్తాన్‌లోని ఒక భాగమైన 'తిలిస్మె హోష్‌రుబా' మొదటి సంపుటం వచ్చింది. ముహమ్మద్ హుసేన్ జాహ్ నాలుగు సంపుటాలు రాశాడు, తర్వాతవి అహ్మద్ హుసేన్ కమర్ అందుకున్నాడు. షేక్ తసద్దుక్ హుసేన్ మరెన్నో చెప్పాడు. అన్నీ పూర్తయ్యేసరికి మొత్తం దాస్తాన్ నలభై ఆరు సంపుటాలైంది. ఒక్కో సంపుటం సగటున తొమ్మిది వందల పేజీలు.

అన్ని వేల పేజీలూ సీసం అచ్చులతో కూర్చినవి కావు. కాతిబ్ అనే లేఖకుడు రెల్లు కలంతో, జిడ్డు సిరాతో, మందు పూసిన కాగితం మీద ఒక్కో పేజీ చేత్తో రాసేవాడు. ఆ కాగితాన్ని నున్నగా రుద్దిన సున్నపురాయి మీద బోర్లా వేసి ఒత్తితే రాత రాయి మీదికి దిగేది, తలకిందులుగా కాదు, అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా. రాయిని తడిపి సిరా పూస్తే తడి ఉన్నచోట అంటదు, జిడ్డు అక్షరాలకే పట్టుకుంటుంది. ఎక్కడైనా తప్పు కనిపిస్తే రాయి మీదే గీకి, సన్నటి కుంచెతో ఎదురు అక్షరాలు రాసి దిద్దేవాళ్ళు. అందుకు వేరే పనివాళ్ళే ఉండేవారు. నస్తాలిఖ్ లిపిని సవ్యంగా రాయడానికే ఏళ్ళు పడుతుంది. దాన్ని అపసవ్యంగా, గులకరాయంత నున్నటి రాతి మీద, చెయ్యి తగలకుండా రాసినవాళ్ళ పేర్లు ఏ ముఖపత్రం మీదా లేవు.

ఆ చేతిరాత వాసన పాతబస్తీలో ఇంకా దొరికే వీధి ఛత్తా బజార్. ఉర్దూ ముద్రణకు, పెళ్ళిపత్రికలకు ఇది పెట్టింది పేరు. ఒకప్పుడు కాతిబ్‌లు గుమ్మాల పక్క మోకాలి మీద పలక పెట్టుకుని రాసేవాళ్ళు. ఇప్పుడు ఉర్దూ అక్షరాలు కంప్యూటర్ తెర మీద కూర్చుంటాయి, పక్కనే ఆఫ్‌సెట్ యంత్రం రొద. అయినా శుభలేఖ మీద 'బిస్మిల్లా' మాత్రం చేత్తోనే రాయించమని అడిగేవాళ్ళున్నారు, రాసిచ్చేవాళ్ళూ ఉన్నారు.

లక్నో పుస్తకాలకూ పాతబస్తీకీ ఇంకో బంధం కూడా ఉంది. అదే నవల్ కిషోర్ వారి 'అవధ్ అఖ్బార్' పత్రికకు సంపాదకుడిగా ఉండి, 'ఫసానా-ఎ-ఆజాద్' అనే హాస్య నవలను ధారావాహికగా నడిపిన రతన్‌నాథ్ సర్షార్ చివరి ఏళ్ళలో మహారాజా కిషన్ ప్రసాద్ ఆశ్రయంలో హైదరాబాద్ వచ్చేశాడు. ఇక్కడే కన్నుమూశాడు.

ఇక అభిమానుల సంగతి. సాయంత్రం ఇరానీ హోటల్లో నాలుగు పెద్ద తలకాయలు చేరిన బల్ల దగ్గర హమ్జా పేరెత్తితే చాలు, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో మునిగి విరిగిపోయినా పట్టించుకోరు. "హమ్జా ఎవరికి కావాలి సాబ్, అమ్రూ కావాలి మాకు" అన్నారొక పెద్దాయన, బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవారు. అమ్రూ తన నష్టాల జాబితా చదివే ఘట్టాలు ఆయనకు ప్రాణం. పక్కనే ఉన్న అత్తరు వ్యాపారి ఒప్పుకోలేదు. ఆయన ఓటు లంధౌర్‌కి. ఏనుగు మీద వచ్చే హిందుస్తానీ యోధుడు, హమ్జాతో తలపడి ఆనక ఆప్తమిత్రుడైనవాడు. "మనవాడు కద భాయ్, వేరేవాళ్ళని ఎట్ల మెచ్చుకుంట?" మూడో ఆయన గొంతు తగ్గించి లఖా పేరు చెప్పారు. లఖా దుష్టపాత్ర. తానే దేవుణ్ణంటాడు, గడ్డం వెంట్రుక వెంట్రుకకూ ముత్యాలు గుచ్చుకుంటాడు. ప్రతి యుద్ధంలో ఓడి పారిపోతూ, ఈ ఓటమి కూడా నేనే రాసిపెట్టానని చెప్పుకుంటాడు. పక్కనుండే బఖ్తియారక్ అడుగడుగునా ఎకసెక్కాలాడతాడు. ఇలాంటి వాళ్ళను చూడటానికి పుస్తకం తెరవక్కర్లేదని ఆయన అనగానే బల్లంతా నవ్వింది.

ఉర్దూ పాఠాలు చెప్పే ఒక మేడమ్ మాత్రం మగవాళ్ళ జాబితానే తోసేశారు. ఆమెకు ఇష్టం బహార్. మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్‌కు స్వయానా మరదలై ఉండీ అతన్ని కాదని ఎదుటి పక్షంలో చేరిన మాయలాడి. ఆమె ఆయుధం పూలగుత్తి. విసిరిందంటే రణరంగంలో వసంతం దిగుతుంది. సైనికులు కత్తులు మరిచి ప్రేమలో పడి కవిత్వం చదువుతారు, ఆపైన ఆమె సైగ చేస్తే వాళ్ళలో వాళ్ళే నరుక్కుంటారు. అఫ్రాసియాబ్ వైపు సర్‌సర్, సబా రఫ్తార్ మొదలైన ఐదుగురు ఆడ అయ్యార్లు, అంటే వేషాలు మార్చే టక్కరి వేగులు, కూడా ఉన్నారు, అమ్రూ బృందానికి దీటుగా. 1880లలో అచ్చయిన కథలో ఇంతమంది ఆడవాళ్ళు గూఢచర్యం, సైన్యాధిపత్యం చేయడం ఆమె విద్యార్థినులకు నమ్మశక్యం కాదట.

ఇలా కూర్చుని ఎవరు ఇష్టమో తేల్చుకోవడం ఈ పుస్తకాలకు మొదటినుంచీ ఉన్న అలవాటే. ప్రేమ్‌చంద్ పదమూడేళ్ళ వయసులో గోరఖ్‌పూర్‌లో ఒక పొగాకు అంగడి దగ్గర చేరి హోష్‌రుబా విన్నాడు. వందకు పైగా అపరాధ నవలలు రాసి ఉర్దూ పాఠకులను ఊపేసిన ఇబ్నె సఫీ చిన్నతనంలోనే దీని సంపుటాలు నమిలేశాడు. ఈ అలవాటు ఉర్దూకే పరిమితం కాదు. ఇంగ్లండులో టెర్రీ ప్రాచెట్ 'డిస్క్‌వరల్డ్' హాస్య మాయాకథలు మొదలుపెట్టింది 1983లో, హోష్‌రుబా మొదటి సంపుటానికి సరిగ్గా నూరేళ్ళకు. 2015లో ఆయన పోయాక వచ్చిన చివరిదానితో కలిపి నలభై ఒక్క నవలలు. అక్కడా కాళ్ళున్న ఒక పెట్టె దొరికినదల్లా మింగేస్తూ యజమాని వెంట నడుస్తుంది. అక్కడి ప్రపంచం తాబేటి వీపున నిలబడ్డ నాలుగు ఏనుగుల మీద ఉంటుంది. శ్రీకూర్మం, అష్టదిగ్గజాలు తెలిసిన మనకు నాలుగు ఏనుగులు తక్కువే అనిపిస్తాయి. డిస్క్‌వరల్డ్ అభిమానులూ ఎవరు గొప్ప, ఏ పుస్తకం ముందు అని గంటలు గంటలు వాదించుకుంటారు. ఒకరినొకరు చూడని రెండు బల్లలు, వాదన ఒక్కటే.

తెలుగువాళ్ళకు ఈ రుచి కొత్తేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన 'కాశీమజిలీ కథలు' చదివినవాళ్ళు, 1951లో 'పాతాళభైరవి' చూసి మాంత్రికుణ్ణి హీరోతో సమానంగా గుర్తుపెట్టుకున్నవాళ్ళు అమ్రూను గుమ్మంలోనే గుర్తుపడతారు.

ఢిల్లీలో మీర్ బాకర్ అలీ 1928లో పోవడంతో దాస్తాన్ చెప్పే విద్య అంతరించిందనుకున్నారు. విమర్శకుడు షంసుర్ రహ్మాన్ ఫారూఖీ నలభై ఆరు సంపుటాలూ ఏరి కూర్చారు, వాటిమీదే ఏళ్ళపాటు రాశారు. ఆయన ప్రోత్సాహంతో మహమూద్ ఫారూఖీ 2005లో ఢిల్లీలో ఆ విద్యను మళ్ళీ వేదికెక్కించాడు. తెల్లటి దుస్తులు, తెల్లటి పరుపు, కథకులు ఇద్దరు. తెర లేదు, తబలా లేదు. ఆ దాస్తాన్‌గోయీ హైదరాబాద్‌కూ వచ్చింది. చాలా ఏళ్ళు పుస్తకంలో మూగగా ఉన్న అమ్రూ మళ్ళీ నోరు విప్పాడు.

ఈ దారి పట్టాలనుకునేవాళ్ళు ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్లో దిగడం సులువు. దగ్గర్లోనే మూసీ ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. వంతెన దాటి దారుల్‌షిఫా వైపు మళ్ళితే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. గాలరీలు చూసి వచ్చేయకండి, పార్సీ, ఉర్దూ చేతిరాతల గొప్ప నిధి ఈ మ్యూజియంలోనే ఉంది. అక్కడి నుంచి ఛత్తా బజార్ నడిచిపోయేంత దూరం, పగటిపూట వెళ్తే అచ్చు పని చూడొచ్చు. ఉర్దూ వచ్చినవాళ్ళకు పాత సంపుటాల స్కాన్ ప్రతులు రేఖ్తా సైట్లో ఉన్నాయి. రానివాళ్ళకు ముషర్రఫ్ అలీ ఫారూఖీ ఇంగ్లిష్ అనువాదాలున్నాయి, హమ్జా 2007లో, హోష్‌రుబా మొదటి సంపుటం 2009లో వచ్చాయి. హోష్‌రుబాలో హమ్జా కొడుకు బదీఉజ్జమాన్ వేటకెళ్ళి ఒక మాయలేడి వెంట పడే చోట మొదలుపెట్టండి. రామాయణం విన్నవాళ్ళకు ముందేం జరగబోతుందో ఆ లేడి గెంతు చూడగానే తెలిసిపోతుంది, అమ్రూ ఎప్పుడు ఏ వేషంలో వస్తాడో మాత్రం తెలియదు.