షెడ్డులో వైఫై డాంగిల్ ఆగిపోతే ముందు ఏం చూడాలి?



పోయిన వేసవి పంటలో మా షెడ్డులో జరిగింది ముందు చెప్తాను. పురుగులు నాలుగో జ్వరం లేచి ఐదో రోజు. ఫోన్‌లో చూస్తే వేడి 25 డిగ్రీలు, తేమ 70 శాతం. బాగుందిలే అని పక్క ఊరికి పెళ్లికి పోయినాం. మధ్యాహ్నం వచ్చి తలుపు తీస్తే గోడ మీది థర్మామీటర్ 32 చూపిస్తోంది. చాలా పురుగులు ఆకు ముట్టడం మానేసినాయి. ఫోన్‌లో నేను చూసింది పొద్దున 8 గంటల లెక్క. ఆ తర్వాత కొత్త లెక్క రానేలేదు.

తప్పు నాదే. ముందు రాత్రి రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినాను. పొద్దున కరెంటు పోయి వచ్చింది. బోర్డు కొత్త కెర్నల్‌తో లేచింది. పాత కెర్నల్‌కు కట్టిన డాంగిల్ డ్రైవర్ దానికి సరిపోలేదు. వైఫై పోయింది.

మొదటి పై, పై 2, మొదటి జీరో బోర్డుల్లో వైఫై ఉండదు, డాంగిల్ తప్పనిసరి. పై 3 నుంచి బోర్డులోనే వైఫై ఉన్నా, రేకుల షెడ్డులో సిగ్నల్ అందక యాంటెన్నా ఉన్న డాంగిల్ పెట్టేవాళ్లు మనలో ఉన్నారు. డాంగిల్ ఆగితే ఈ వరసలో చూడండి. వైఫై లేకుండా బోర్డులోకి పోవాలంటే టీవీ, కీబోర్డు తగిలించండి, లేదా రూటర్ నుంచి ల్యాన్ కేబుల్ పెట్టండి.

*1. ముందు కరెంటు*
పాత ఫోన్ ఛార్జర్, సన్న కేబుల్ పెడితే డాంగిల్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. పై 3కి 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చే సప్లై కావాలి. పై 4కి 3 ఆంపియర్లు. టీవీ తెర మూలలో మెరుపు గుర్తు కనబడితే కరెంటు చాలడం లేదని అర్థం. డ్రైవర్ జోలికి పోకుండా ముందు సప్లై మార్చండి.

*2. డబ్బా కాదు, నంబరు చూడండి*
ఒకే కంపెనీ, ఒకే మోడల్ పేరు ఉన్నా, లోపలి చిప్ వేరే ఉండొచ్చు. వెర్షన్ 1లో ఒక చిప్, వెర్షన్ 2లో ఇంకో చిప్. టెర్మినల్‌లో ఎల్, ఎస్, యు, ఎస్, బి అక్షరాలు కలిపి చిన్న అక్షరాల్లో కొట్టండి. డాంగిల్ ఉన్న వరుసలో మధ్య చుక్కలతో ఒక నంబరు కనబడుతుంది. 148ఎఫ్:7601 అంటే మీడియాటెక్ చిప్, 0సిఎఫ్3:9271 అంటే అథెరాస్ చిప్, 0బిడిఎతో మొదలైతే రియల్‌టెక్. ఆ నంబరును పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు ఇదే చెప్పాలి.

వరుసే కనబడకపోతే డ్రైవర్ గొడవ కాదు. పోర్టు, కేబుల్, కరెంటు, లేదా డాంగిల్ చెడిపోయి ఉంటుంది. నంబరు 0బిడిఎ:1ఎ2బి అని వస్తే డాంగిల్ తనను సీడీగా చూపించుకుంటోంది. విండోస్ డ్రైవర్ అందులో పెట్టి ఇస్తారు కాబట్టి అలా చేస్తుంది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ దాన్ని వైఫై మోడ్‌లోకి తిప్పుతుంది.

*3. డ్రైవర్ ఎక్కడి నుంచి వచ్చింది?*
పైన చెప్పిన మీడియాటెక్, అథెరాస్ చిప్‌లకు డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది. కెర్నల్ మారితే డ్రైవర్ కూడా దానితోనే వస్తుంది. కొన్ని రియల్‌టెక్ చిప్‌లకు మాత్రం చాలాకాలం బయట నుంచి డ్రైవర్ తెచ్చి కట్టాల్సి వచ్చింది. 8821ఏయూ చిప్ డ్రైవర్ ఆలస్యంగానే కెర్నల్ లోపలికి చేరింది. బయట కట్టిన డ్రైవర్ ఆ కెర్నల్‌కే పనిచేస్తుంది. కెర్నల్ మారితే మళ్లీ కట్టాలి. మా షెడ్డులో జరిగింది ఇదే.

తప్పనిసరిగా బయటి డ్రైవర్ వాడితే డీకేఎంఎస్ పద్ధతిలో ఎక్కించండి. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు అదే మళ్లీ కడుతుంది. దానికి కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ కూడా ఉండాలి. వైఫై లేనప్పుడు ఇవి దించుకోవాలంటే ఫోన్‌ను కేబుల్‌తో బోర్డుకు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

*4. డ్రైవర్ ఉన్నా కనెక్ట్ కాకపోతే*
కొత్తగా ఎక్కించిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో వైఫై దేశం ఎంచుకోకపోతే వైఫై మూసే ఉంటుంది. రాస్పి-కాన్ఫిగ్‌లో ఇండియా ఎంచుకోండి. చాలా చిన్న డాంగిల్స్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. రూటర్ గానీ ఫోన్ హాట్‌స్పాట్ గానీ 5లో ఉంటే వాటికి కనబడదు. ఇంకోటి, 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి వైఫైని నెట్‌వర్క్ మేనేజర్ చూసుకుంటుంది. పాత వీడియోల్లో చూపించిన ఫైల్ మార్చినా ఫలితం ఉండదు.

*5. కొన్ని గంటలు నడిచి ఆగితే*
డాంగిల్ కరెంటు పొదుపు కోసం నిద్రపోతూ ఉండొచ్చు. వైఫై పవర్ సేవ్ ఆఫ్ చేసి ఒక రోజు చూడండి.

చివరిగా మూడు మాటలు.

పంట మీద ఉండగా అప్‌డేట్ చేయొద్దు. గూళ్లు మార్కెట్‌కు పోయి, షెడ్డు కడిగి మందు కొట్టే రోజుల్లో చేయండి. చేశాక బోర్డు ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూడండి. మళ్లీ లేస్తేనే అప్‌డేట్ పూర్తయినట్టు.

ఫోన్‌లో అంకె పక్కన అది ఎన్ని గంటలకు వచ్చిందో కనబడేలా పెట్టించుకోండి. అరగంటకు మించి పాతదైతే దాన్ని నమ్మొద్దు.

గోడ మీది డ్రై-వెట్ బల్బ్ థర్మామీటర్ తీసేయొద్దు. దానికి డ్రైవర్ అక్కర్లేదు. మేత వేసేటప్పుడల్లా ఒకసారి దాని వైపు చూడండి.

మీ డాంగిల్ నంబరు, బోర్డు పేరు ఈ గ్రూపులో పెట్టండి. అదే చిప్ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్తారు.