మిరప చేలకు నీటి ట్యాంకరు: త్వరగా, శుభ్రంగా నింపే పద్ధతి

గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్టపొలాల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు సాగుతాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో వచ్చే కోత కూలీలు చేల గట్ల మీద, కల్లాల పక్కన గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. అక్కడ కుళాయి ఉండదు. వంటకూ తాగడానికీ చాలాచోట్ల ట్రాక్టరు ట్యాంకరే ఆధారం. నాట్లు పడ్డాక వాన ముఖం చాటేస్తే లేత మొక్కలకు నీళ్లు పోసేదీ ఈ ట్యాంకరే. 5,000 లీటర్ల ట్యాంకరు నింపే రైతుకు ఎదురయ్యే చిక్కులు మూడు: ఆలస్యం, పొర్లిపోవడం, నీరు కలుషితం కావడం.

ట్యాంకరు నిదానంగా నిండితే ముందుగా మోటారు మీద అనుమానం పోతుంది. చూడాల్సింది గొట్టం వెడల్పు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో నీరు పారితే, అంగుళం గొట్టంతో 5,000 లీటర్లు నిండడానికి గంటా ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. రెండంగుళాల గొట్టంతో ఇరవై నిమిషాలు చాలు, మూడంగుళాలతో పది నిమిషాలలోపే. వెడల్పు రెట్టింపైతే గొట్టం నోటి వైశాల్యం నాలుగింతలవుతుంది మరి. రాపిడి సంగతి ఇంకా తీవ్రం. అంతే నీటిని సగం వెడల్పు గొట్టంలోంచి పంపాలంటే రాపిడి వల్ల పోయే ఒత్తిడి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. రెండంగుళాల పైపు చివర అంగుళం కుళాయి బిగించినా, మెత్తని గొట్టం ట్యాంకరు అంచు దగ్గర మడత పడినా, ఖర్చుపెట్టి కొన్న వెడల్పంతా వృథాయే.

రెండో ఆలస్యం కరెంటుది. వ్యవసాయ మోటార్లకు కరెంటు రోజంతా ఉండదు. బోరు నుంచి నేరుగా నింపాలంటే ట్యాంకరు కరెంటు కోసం కాచుకోవాలి. ఎత్తు మీద ఒక తొట్టి కట్టుకుంటే ఆ బాధ తీరుతుంది. కరెంటున్నప్పుడు బోరు తొట్టిని నింపుతుంది, ట్యాంకరు వచ్చినప్పుడు వాల్వు తిప్పితే చాలు. తొట్టి అడుగు ట్యాంకరు మూత కన్నా మూడు మీటర్ల ఎత్తున ఉండి, మూడంగుళాల పైపు పొట్టిగా, వంపులు తక్కువగా ఉంటే 5,000 లీటర్లు ఆరు నిమిషాల లోపే దిగిపోతాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వే స్టేషన్లలో ఇంజన్లకు నీరు నింపింది ఈ సూత్రం మీదే. ఎత్తైన తొట్టి, వెడల్పాటి పైపు, పక్కకు తిరిగే ఇనుప చెయ్యి. ఆ తిరిగే చెయ్యి ఈనాటి పొలానికీ కావాలి. తడిసిన మడ్‌గార్డు మీద కాలు మోపి, గొట్టం భుజానేసుకుని ట్యాంకరు ఎక్కే మనిషి జారిపడే ప్రమాదం దాంతో తప్పుతుంది.

కాలువ నుంచి నింపేటప్పుడు పంపు నీటి మట్టానికి దగ్గరగా ఉండాలి. నీటిని పైకి తోసేది గాలి పీడనం కాబట్టి ఎంత మంచి పంపైనా 10.3 మీటర్లకు మించి పీల్చలేదు, ఆచరణలో ఆరేడు మీటర్లే. ఫుట్‌వాల్వు కారుతుంటే నింపిన ప్రతిసారీ పంపులో నీళ్లు పోసి మొదలుపెట్టాలి.

ట్యాంకరులోకి ఎన్ని లీటర్ల నీరు వెళ్తే అన్ని లీటర్ల గాలి బయటికి రావాలి. మూత బిగించి కింది వాల్వు నుంచి నింపేవారు పైన గాలి గొట్టం తప్పక పెట్టించాలి. నీరు వదిలేటప్పుడూ అది అవసరమే. లోపలి పీడనం బయటి కన్నా పదో వంతు తగ్గినా, రేకు మీద చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను బరువు పడినట్టే. పల్చని రేకు లోపలికి సొట్టపోతుంది.

పొర్లిపోవడానికి ట్యాంకరు ఆకారమూ కారణమే. పడుకోబెట్టిన పీపాలో సగం ఎత్తు నీరంటే సగం నీరే కానీ, పావు ఎత్తులో ఉండేది అయిదో వంతుకన్నా తక్కువ. పైభాగమూ అంతే. ఎత్తులో చివరి పదో వంతు నిండడానికి, నడుమ పదో వంతు నిండే సమయంలో సగం కూడా పట్టదు. ఇంకా ఖాళీ ఉందనుకుంటుండగానే నీరు మూత దాటేస్తుంది. బయట నిలువుగా బిగించిన పారదర్శక గొట్టంలో లోపలి మట్టం కనిపిస్తుంది, పైకెక్కి తొంగిచూడక్కర్లేదు.

అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది గొట్టం కొస. 2021లో నల్ల తామరపురుగు మిరపను ముంచెత్తాక మందు పిచికారీలు బాగా పెరిగాయి. మందు కలిపిన డ్రమ్ములో గొట్టం కొస మునిగి ఉండగా కరెంటు పోతే, పైపులోని నీరు వెనక్కి జారుతూ డ్రమ్ములోని మందునీటిని తనతో లాక్కుంటుంది. అది బోరులోకో, ఊరి మంచినీటి పైపులోకో చేరుతుంది. నాన్‌రిటర్న్ వాల్వు దీన్ని ఆపుతుంది గానీ దాంట్లో ఇసుక రేణువు ఇరుక్కుంటే ఆపలేదు. నమ్మదగిన అడ్డు గాలి ఖాళీయే. గొట్టం కొసకూ డ్రమ్ము అంచుకూ మధ్య గొట్టం వెడల్పుకు రెట్టింపు ఎడం, ఎంత సన్న గొట్టమైనా కనీసం అంగుళం ఉండాలి. మందు డ్రమ్ము నింపే గొట్టాన్ని తాగునీటి ట్యాంకరుకు వాడనే కూడదు. నేల మీద ఈడ్చే కొసకు మూత ఉండాలి.

ఎక్కడ నింపుతున్నారన్నదీ అంతే ముఖ్యం. కనిగిరి, మార్కాపురం వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫరవాలేదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా తాగవచ్చనీ భారత ప్రమాణం చెబుతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ కుడి కాలువ నీటితో నిండే చెరువుల నీటిని శుద్ధి చేసి ఇచ్చే రక్షిత మంచినీటి పథకాల దగ్గర నింపుకోవడం మేలు.

తేట నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ వేయాలంటే 5,000 లీటర్లకు 10 గ్రాములు, అంటే తాజా బ్లీచింగ్ పౌడరు 30 గ్రాములు దాటి కావాలి. బకెట్టులో కలిపి, పౌడరులోని సున్నం అడుగుకు చేరాక పైతేటను ఖాళీ ట్యాంకరులో పోసి, ఆపైన నీరు పట్టాలి. పడే ధారే దాన్ని బాగా కలిపేస్తుంది. అరగంట గడిచాక లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే నీరు బిందెల్లోకి పట్టవచ్చు.